ముందు కాలు, తర్వాతే చెయ్యి

గది మూల ఒక సీటు, దాని ముందు స్టీరింగు, కాళ్ల దగ్గర మూడు పెడళ్లు, ఎదురుగా తెర. కంప్యూటరులోని రేసు కారును అసలు కారు నడిపినంత శ్రద్ధగా నడిపే ఈ అలవాటును సిమ్ రేసింగ్ అంటున్నారు. ఈ సామాను ఇంటికొచ్చిన చోటల్లా రెండు పక్షాలు తయారవుతాయి. డబ్బు ఎక్కువైనవాళ్ల ఆటబొమ్మ అని ఒక పక్షం, ట్రాకు లేని ఊళ్లో రేసు నేర్చుకోవడానికి ఉన్న దారి ఇదొక్కటే అని రెండో పక్షం. ఆ రెండు పక్షాల తరఫున ఇద్దరు మనుషుల్ని ఊహించి ఇక్కడ మాట్లాడిస్తున్నాను. ఒకరు కడపలో ఆర్టీసీ డిపో మెకానిక్‌గా చేసి రిటైరైన చిన్నాయన. ఇంకొకరు కర్నూలులో ఉద్యోగం చేసుకుంటూ జీతంలోంచి ఒక్కో వస్తువే అమర్చుకుంటున్న ఆయన అన్న కొడుకు. మనుషులు కల్పితం. వాదనలు, వాటికి తెచ్చిన ఆధారాలు మాత్రం నిజం.

చిన్నాయన: ముందు డబ్బు సంగతి తేల్చు అబ్బీ. మన సీమలో నీళ్లు పడతాయో లేదో తెలీకుండానే బోరుకు లక్షలు పోస్తారు. ఆ లక్షల వెనక ఒక పంట ఆశ ఉంటాది. నీ స్టీరింగు వెనక ఏముంది? పైగా ఈ సరుకుకు అంతు కనపడదు. మొదట పళ్లచక్రాలతో తిరిగే స్టీరింగు కొంటారు. ఆర్నెల్లకు బెల్టుతో తిరిగేది మెత్తగా ఉంటాదంటారు. ఏడాది తిరిగేసరికి మోటారు ఇరుసుకే చక్రం బిగించింది, అదే డైరెక్ట్ డ్రైవ్, అది లేకపోతే లాభం లేదంటారు. ఇంక పెడళ్లు వేరు, గేరు రాడ్డు వేరు, హ్యాండ్‌బ్రేకు వేరు. డిపోలో మా పద్ధతి ఒకటే. పార్టు అరిగితే మారుస్తాం, కొత్త మోడలు వచ్చిందని మార్చం. మీరేమో అరగనిదాన్ని మార్చడమే పనిగా పెట్టుకున్నారు. దాన్ని నేను ఆట అనలేను, కొనుగోలు జబ్బు అంటాను.

అబ్బాయి: అరగనిదాన్ని మార్చకూడదన్న నీ మాట నాకు కావాలి చిన్నాయనా, చివర్లో దాన్ని నేనే వాడుకుంటా. ముందు దీనికసలు విలువ ఉందా అన్నది చూద్దాం. మన పల్లెల్లో తిరునాళ్లకు బండలాగుడు పోటీలు పెడతారు. ఆ పోటీకి మేపే జత మడక దున్నదు, బండి లాగదు. రైతు వాటికి ఉలవలు ఉడకబెట్టి పెడతాడు, బండ కట్టి అలవాటు చేస్తాడు. పెట్టిన ఖర్చు బహుమతిగా తిరిగొస్తుందన్న నమ్మకం లేదు. అయినా ఊళ్లో దాన్ని దుబారా అనేవాళ్లు తక్కువ. ఎందుకంటే అక్కడ ఓపిక ఉంది, నేర్పు ఉంది, ఆ నేర్పుకు కొలత ఉంది. ఇచ్చిన నిమిషాల్లో బండ ఎన్ని అడుగులు జరిగిందో అందరి ముందూ కొలిచి చెబుతారు. సిమ్ రేసింగ్‌కూ అలాంటి కొలతే ఉంది. ప్రతి ల్యాపూ, అంటే ట్రాకు చుట్టూ తిరిగే ఒక్కో చుట్టూ, సెకనులో వెయ్యో వంతు దాకా లెక్కకొస్తుంది. ట్రాకు కూడా ఉజ్జాయింపుగా గీసింది కాదు. 2008లో మొదలైన ఐరేసింగ్ లాంటి సిమ్‌లు అసలు ట్రాకుల్ని లేజర్‌తో కొలిచి, గతుకులతో సహా దింపుకుంటాయి. ఇక మనకు అసలు ట్రాకు ఎంత దూరమో చూడు. చెన్నై దాటి శ్రీపెరుంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టైలో ఒకటి, కోయంబత్తూరులో ఒకటి, ఢిల్లీ దగ్గర గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ సర్క్యూట్ ఒకటి. మన తెలుగు నేల మీద ప్రపంచ ఛాంపియన్‌షిప్ కారు రేసు 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో జరిగింది. హుస్సేన్ సాగర్ ఒడ్డున 2.83 కిలోమీటర్ల వీధి ట్రాకు మీద ‘ఫార్ములా ఈ’ విద్యుత్ కార్లు తిరిగాయి, ఫ్రాన్స్ డ్రైవరు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మరుసటి ఏడాది జరగాల్సిన రేసు రద్దయింది. చూడ్డానికే ఒక్కసారి వచ్చిపోయిన రేసును నేర్చుకోవడానికి కర్నూలు కుర్రాడు ఎక్కడికి పోవాలి?

చిన్నాయన: ట్రాకు దూరమన్నది ఒప్పుకుంటా. దూరంగా ఉన్నదాని బొమ్మ ఇంట్లో పెట్టుకుంటే అది దగ్గరైనట్టా? గువ్వలచెరువు ఘాటు దిగే లోడు లారీ సంగతి చెబుతా విను. బ్రేకు మీదే కాలు పెట్టుకుని దిగితే డ్రమ్ములు కాలతాయి, లైనింగు వాసనొస్తాది, కింది మలుపు కాడికొచ్చేసరికి బ్రేకు పట్టదు. అందుకే ఎక్కేటప్పుడు ఏ గేరో దిగేటప్పుడూ అదే గేరు అంటారు. ఆ మాట డ్రైవరు ఒంటికి పట్టిందంటే కారణం భయం. వెనక పది టన్నులు తోస్తా ఉంటే నడుముకు తెలుస్తాది. నీ సీటు కదలదు, నీ ఒంటికి బరువు తెలియదు, గోడను గుద్దితే ఒక మీట నొక్కి మళ్లీ మొదలుపెడతావు. తప్పుకు శిక్ష లేనిచోట నేర్పు ఎట్ల వస్తాది?

అబ్బాయి: వస్తుందా రాదా అన్నదానికి ప్రపంచమే ఒక పరీక్ష పెట్టింది. సోనీ ప్లేస్టేషన్‌లో గ్రాన్ టురిస్మో ఆట ఆడేవాళ్ల నుంచి రేసు డ్రైవర్లను ఏరడానికి నిస్సాన్ కంపెనీ, సోనీ కలిసి 2008లో జీటీ అకాడమీ పెట్టాయి. మొదటి విజేత స్పెయిన్‌కు చెందిన లూకాస్ ఓర్డోనెజ్. మూడేళ్లకు, 2011లో, ఫ్రాన్స్‌లో 24 గంటలు సాగే లెమాన్స్ రేసులో ఆయన జట్టు తన తరగతిలో రెండో స్థానంలో నిలిచింది. 2011 విజేత బ్రిటన్ కుర్రాడు జాన్ మార్డెన్‌బరో 2013లో అదే లెమాన్స్‌లో తన తరగతిలో మూడో స్థానం అందుకున్నాడు. ఇప్పుడు ఫార్ములా వన్‌లో పేరు మోగుతున్న మాక్స్ వెర్‌స్టాపెన్ ఖాళీ దొరికితే సిమ్ ముందే కూర్చుంటాడు. అయితే నీ మాటలో ఉన్న నిజాన్ని దాచను. జీటీ అకాడమీ విజేతలను తెర ముందు నుంచి నేరుగా లెమాన్స్‌కు పంపలేదు. నెలల తరబడి అసలు కార్లలో, అసలు ట్రాకుల మీద తర్ఫీదు ఇచ్చారు. పోటీకి దిగిన లక్షల మందిలో అక్కడిదాకా పోయింది గుప్పెడు మందే. భయాన్ని, ఒంటి మీద పడే బరువును సిమ్ నేర్పదు. అది నేర్పేవి మూడు: చూపు ఎక్కడ నిలపాలో, బ్రేకు ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ వదలాలో, టైరు పట్టు తప్పబోతోందని చేతికి ఎలా తెలుస్తుందో. ఈ మూడోది నీకు తెలిసిన సంగతే. మలుపులో ముందు టైర్లు స్టీరింగును తిన్నగా చేయాలని లాగుతుంటాయి. మలుపు బిగిసేకొద్దీ ఆ లాగుడు బరువెక్కుతుంది. టైరు పట్టు అంచుకు చేరుతుండగా ఆ బరువు ఒక్కసారి తగ్గి చక్రం తేలికవుతుంది. కారు జారకముందే వచ్చే కబురు అది. సిమ్ స్టీరింగులో మోటారు పెట్టింది ఆ కబురు మోసుకురావడానికే.

చిన్నాయన: తడి రోడ్డు మీద స్టీరింగు తేలికైతే కాలు తియ్యమని మా డ్రైవర్లూ అనేవాళ్లు. నువ్వు చెప్పింది సరే. కానీ అబ్బీ, నీ వాదన నీకే అడ్డం తిరిగింది చూసుకున్నావా? కబురు మోసేది మోటారైతే, పెద్ద మోటారు స్పష్టమైన కబురు మోస్తాది. అప్పుడు అందరికంటే ఖరీదైన స్టీరింగు కొన్నోడే తెలివైనోడు కావల్ల. నేను జబ్బు అన్నదాన్ని నువ్వు శాస్త్రం చేసి పెట్టినావు.

అబ్బాయి: అసలు చిక్కు అక్కడే ఉంది, ఎక్కువమంది తప్పటడుగు వేసేదీ అక్కడే. లాజిటెక్ జీ 29 లాంటి పళ్లచక్రాల స్టీరింగు చేతికి మహా అయితే కిలోన్నర బరువు చూపిస్తుంది. 8 న్యూటన్ మీటర్ల తిప్పే బలం ఉన్న డైరెక్ట్ డ్రైవ్ మోటారు 30 సెంటీమీటర్ల చక్రం అంచున ఐదు కిలోలకు పైగా చూపిస్తుంది. తేడా ఉంది, కాదనను. కానీ ల్యాపులో కాలం పోయేది ఎక్కువగా ఎక్కడ? బ్రేకు దగ్గర. పది అడుగులు ముందే నొక్కినా, మలుపులోకి తిరిగేటప్పుడు ఒక్కసారిగా వదిలేసినా ఆ మలుపు పోయినట్టే, దాని తర్వాత వచ్చే తిన్నని దారంతా వేగం తక్కువైనట్టే. చవక పెడలు, కాలు ఎంత దూరం పోయిందో కొలుస్తుంది. అసలు కారులో ప్యాడ్లు డిస్కును తాకాక పెడలు దాదాపు కదలదు. అక్కడినుంచి డ్రైవరు ఎంత బలంతో తొక్కుతున్నాడన్నదే లెక్క. నీ డిపో మాటల్లో చెప్పాలంటే, బ్రేకు లైనులో గాలి చేరితే పెడలు స్పాంజీలా కిందికి పోతుంది కదా, అప్పుడు నువ్వేం చేస్తావు?

చిన్నాయన: బ్లీడింగ్ చేసి గాలి తీసేస్తా. పెడలు గట్టిగా నిలబడేదాకా బండిని షెడ్డు దాటనియ్యను. మెత్తటి పెడలు మీద డ్రైవరు కాలుకు అంచనా ఉండదు.

అబ్బాయి: చవక సిమ్ పెడలు ఆ గాలి చేరిన బ్రేకు లాంటిదే. మనిషి కాలు దూరాన్ని గుర్తుపెట్టుకోవడంలో తడబడుతుంది, బలాన్ని బాగా గుర్తుపెట్టుకుంటుంది. అందుకే లోడ్ సెల్ పెట్టిన బ్రేకు వచ్చింది. అదేమంత వింత వస్తువు కాదు. కిరాణా కొట్టులో ఎలక్ట్రానిక్ కాటా పళ్లెం కింద ఉండేది అదే. చిన్న లోహపు కడ్డీ, దాని మీద అంటించిన సన్నటి రేకు. బరువు పడితే కడ్డీ కంటికి కనపడనంత వంగుతుంది, రేకులో విద్యుత్ నిరోధం ఆ మేరకు మారుతుంది. ఆ మార్పునే కంప్యూటరు బ్రేకు బలంగా చదువుకుంటుంది. కాటాకు వాడే లోడ్ సెల్, దాని సంకేతాన్ని పెంచే చిన్న బోర్డు, ఆర్డుయినో అనే చిన్న కంట్రోలరు బోర్డు తెచ్చుకుని ఇంట్లోనే బ్రేకు చేసుకున్నవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. కొత్త స్టీరింగు మోటారు ఖరీదులో చిన్న భాగంతో కాలు బాగుపడుతుంది. కాలు బాగుపడకుండా చేతికి ఎంత పెద్ద మోటారు పెట్టినా, ఆలస్యంగా తొక్కిన బ్రేకు తప్పును అది మరింత గట్టిగా చెబుతుందే తప్ప దిద్దదు.

చిన్నాయన: ఈ మాట నాకు పట్టింది. అయితే ఇంకో లోపం ఉంది చూడు. గట్టి పెడలును నలభై, యాభై కిలోల బలంతో తొక్కితే నీ చక్రాల కుర్చీ వెనక్కి పోతాది, పెడళ్లు ముందుకు జారతాయి. మన ఇళ్లల్లో నేల నున్నటి కడప బండో, బేతంచెర్ల బండో. దాని మీద ఏది ఆగుతాది?

అబ్బాయి: సరిగ్గా పట్టావు. లాజిటెక్ పెడళ్ల అడుగున బయటికి తిప్పే చిన్న పళ్ల పట్టీ ఉంటుంది. అది తివాచీని కరిచిపట్టుకోవడానికి చేసింది, అంటే తివాచీ నేలల ఇళ్లను దృష్టిలో పెట్టుకుని చేసింది. మన బండ నేల మీద అది దేన్నీ కరవలేదు. పెడళ్లను గోడకు ఆనించి, కుర్చీ చక్రాలకు తాడు కట్టి నెట్టుకొస్తారు గానీ, సీటు, పెడళ్లు ఒకే చట్రానికి బిగించడమే అసలు మందు. అప్పుడు కాలు ముందుకు తోసే బలం, వీపు వెనక్కి తోసే బలం చట్రంలోనే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, నేల మీదికి ఏమీ రాదు. విదేశాల నుంచి వచ్చే అల్యూమినియం చట్రాలు బాగుంటాయి, ధరా అలాగే ఉంటుంది. చదరపు ఇనుప పైపు కోసి, వెల్డింగు చేసి, పాత సామాన్ల అంగట్లో దొరికే కారు సీటు బిగిస్తే పని అదే జరుగుతుంది. మారుతి సీటు రెయిళ్లు ఎలా బిగించాలో మన ఊరి వెల్డరుకు ఒకరు నేర్పాలా? పైపు కొలత దగ్గర పిసినారితనం చేయకుండా, పెడళ్లు నిలిపే పలక కింద అడ్డపట్టీ ఒకటి ఎక్కువ వేయిస్తే చాలు.

చిన్నాయన: అడ్డపట్టీ ఒకటి సరిపోదు, మూలమూలకూ ఏటవాలు బద్దె కూడా వెయ్యల్ల. లేకపోతే నెల తిరక్కుండానే వెల్డింగు దగ్గర చీలిక వస్తాది. అది నేను దగ్గరుండి చేయిస్తాలే. నా మనసులో ఉన్న పెద్ద భయం వేరే. ఇంట్లో రెండొందల వేగానికి అలవాటు పడ్డ కన్ను, బయటికొచ్చి నలభై నాలుగో నంబరు హైవే ఎక్కితే ఎనభై వేగం నత్తనడకలా కనపడదా? 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చచ్చిపోయారని కేంద్ర ప్రభుత్వమే లెక్క చెప్పింది. ప్రతి పది మందిలో ఏడుగురి చావుకు కారణం మితిమీరిన వేగమేనంట. ఆ మంటలో నువ్వు నెయ్యి పోస్తాండావు.

అబ్బాయి: ఈ అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోను. నీ పక్షానికి బలమిచ్చే ఆధారం కూడా నేనే చెబుతా. జర్మనీలో పీటర్ ఫిషర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 2007లో కొన్ని ప్రయోగాలు ప్రచురించింది. రేసు ఆటలు ఆడినవాళ్లలో తెగింపు ఆలోచనలు, రోడ్డు మీద ముప్పును లెక్కచేయని ధోరణి పెరిగినట్టు అందులో తేలింది. ఆ బృందమే 2009లో కారణం వెతికింది. రోడ్డు నియమాలు తప్పితే మెచ్చుకుని మార్కులిచ్చే ఆటలు ఆడినప్పుడు, ఆడేవాడు తనను తాను తెగించి నడిపేవాడిగా ఊహించుకోవడం మొదలుపెడతాడని వాళ్లు తేల్చారు. అంటే విషం ఎక్కడుందో చూడు. నగరం వీధుల్లో సిగ్నలు దాటి, ఎదుటి బండిని గుద్ది ముందుకు పొమ్మనే ఆట వేరు. ట్రాకు గీత దాటితే ఆ ల్యాపును కొట్టేసి, పక్క కారును గుద్దితే శిక్ష వేసే సిమ్ వేరు. ఐరేసింగ్‌లో గీత దాటినా, గుద్దినా తప్పుల లెక్క పెరుగుతుంది, రక్షణ రేటింగు పడిపోతుంది, అది పడితే పై తరగతి లైసెన్సు రాదు. అయినా ఒక షరతు నేను ఒప్పుకుంటా. పద్దెనిమిది నిండని పిల్లవాడికి ఈ సీటు ఇచ్చే తల్లిదండ్రులు వీధి రేసు ఆటలను ఆ గదిలోకి రానివ్వకూడదు. ఈ సీటును లైసెన్సుకు బదులుగా చూడకూడదు.

చిన్నాయన: ఆ షరతు గట్టిగా పట్టుకో. ఇక మన ఊరి సంగతి. మేలో కర్నూలులో ఎండ నలభై రెండు, నలభై మూడు దాటుతాది. దుమ్ము కిటికీ మూసినా లోపలికొస్తాది. కరెంటు ఎప్పుడు పోతాదో, ఎప్పుడొస్తాదో తెలీదు. ఈ సామాను చెడితే బాగుచేసేవాడు యాడున్నాడు?

అబ్బాయి: అందుకే మన ఊరికి తగ్గట్టే ఎంచుకోవాలి. చవక పెడళ్లలో రేడియో వాల్యూము తిప్పే మీటలో ఉండే పరికరమే ఉంటుంది. కార్బను పట్టీ మీద ఒక ముల్లు రాసుకుంటూ పోతుంది. మన దుమ్ము దానిలో చేరితే తొక్కకుండానే బ్రేకు అదురుతుంది. అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సరులో రాసుకునే భాగమే లేదు కాబట్టి దుమ్ముకు అది మేలు. డైరెక్ట్ డ్రైవ్ మోటారు వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి బలం తగ్గించుకుంటుంది. మధ్యాహ్నం మూడింటికి పెద్ద మోటారు కొన్న లాభం సగం ఆవిరి. పొద్దున్నే నడపడం, మోటారు వెనక గాలి ఆడే చోటు వదలడం ఖర్చులేని మందులు. కరెంటు పోయి వచ్చినప్పుడు చాలా స్టీరింగులు వాటంతట అవే చివరి నుంచి చివరికి తిరిగి సరిచూసుకుంటాయి, ఆ క్షణంలో వేళ్లు చక్రంలో ఉండకూడదు. చిన్న యూపీఎస్ ఒకటి ఉంటే ఆ బెడద తప్పుతుంది. బాగుచేసేవాడి సంగతంటావా, అది నిజంగానే నీ పక్షాన ఉన్న వాదన. ఫానటెక్ పేరుతో పెద్ద స్టీరింగులు చేసే జర్మనీ కంపెనీ ఎండోర్ 2024లో దివాలా ప్రక్రియకు వెళ్లింది, ఆ పేరును కోర్సెయిర్ అనే ఇంకో కంపెనీ కొనుక్కుంది. తయారుచేసేవాడికే అలాంటి గతి పట్టగలిగినప్పుడు, మన చేతిలో విప్పి బిగించగలిగే పెడలు, మన వెల్డరు చేసిన చట్రం ఎక్కువ కాలం నిలుస్తాయి. ఆ కంపెనీ 2021లో తెచ్చిన సీఎస్ఎల్ డీడీ అనే మోటారే ఇంకో పాఠం. మామూలు పవర్ సప్లైతో అది 5 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. పెద్ద పవర్ సప్లై విడిగా కొంటే అదే మోటారు 8 ఇస్తుంది. కొన్నిసార్లు అప్‌గ్రేడు అంటే ఇంట్లో ఉన్నదానికే తాళం తీయించుకోవడం. ఆ తాళం మనకు ఇప్పుడు అవసరమా అని అడుక్కోవాలి.

చిన్నాయన: అడుక్కోవల్ల అంటావు. అడిగితే మనసు ఎప్పుడూ కావాలనే చెబుతాది. మనసు చెప్పని జవాబు ఏదైనా ఉందా?

అబ్బాయి: ఉంది. ఇప్పుడు నీ డిపో మాట వాడుకుంటా: అరిగితేనే మార్చాలి. ఇక్కడ అరగడమంటే వస్తువు అరగడం కాదు, దానితో నేర్చుకోగలిగింది అయిపోవడం. ఒకే కారు, ఒకే ట్రాకు, వరసగా పది ల్యాపులు. ఆ పదింటిలో మంచిదానికీ చెడ్డదానికీ మధ్య సెకనుకు మించి తేడా ఉన్నన్నాళ్లూ తప్పు మనిషిది, సామానుది కాదు. తేడా తగ్గిపోయి, కాలం మాత్రం కిందికి దిగకుండా నిలబడిపోయినప్పుడు ఏ మలుపులో కాలం పోతోందో చూడాలి. బ్రేకు దగ్గర పోతుంటే పెడలు మార్చాలి. కారు జారే కబురు చేతికి అందక పోతుంటే అప్పుడు మోటారు. అంతకంటే ముందు పైసా ఖర్చులేని పని ఒకటి ఉంది. 27 అంగుళాల తెర వెడల్పు దాదాపు 60 సెంటీమీటర్లు. దాన్ని నాలుగడుగుల దూరాన బల్ల మీద పెడితే కంటి ముందు 28 డిగ్రీల మేరే పరుచుకుంటుంది. స్టీరింగు వెనకే, కంటికి రెండడుగుల దూరంలో నిలిపితే 52 డిగ్రీలు. ఆ కోణాన్నే ఆట సెట్టింగుల్లోనూ పెడితే మలుపు ఎంత దూరంలో ఉందో కన్ను సరిగ్గా అంచనా వేస్తుంది. తెర జరపకుండా మోటారు కొన్నవాడు కళ్లజోడు తుడుచుకోకుండా కొత్త కారు కొన్నట్టే.

సంవాదం ఇక్కడ ఆపి నా తీర్పు చెబుతాను. ఈ అలవాటుకు విలువ ఉందా అన్న ప్రశ్నలో అబ్బాయిదే గెలుపు. నేర్పు ఉన్నచోట, ఆ నేర్పును దాపరికం లేకుండా చూపించే కొలత ఉన్నచోట పెట్టిన కాలమూ డబ్బూ వృథా కావు. ట్రాకు అందని సీమ కుర్రాళ్లకు ఈ తలుపు తెరిచి ఉండడం మంచిదే. ఎలా కొనాలి అన్న ప్రశ్నలో మాత్రం గెలిచింది చిన్నాయన. అబ్బాయి వరస పెట్టిన పద్ధతంతా డిపో మెకానిక్ బుద్ధే: గట్టి పెడలు, కదలని చట్రం, అరిగితేనే మార్పు. పెద్ద మోటారు ముందు కొన్నవాడికి మొదటి వారం సంబరం దక్కుతుంది. సీటు, తెర, బ్రేకు ముందు సరిచేసుకున్నవాడికి ఏడాది పాటు నేర్చుకోవడానికి పని దక్కుతుంది. ఖర్చులో పెద్ద భాగం మన ఊరి వెల్డింగు షాపులో, పాత సామాన్ల అంగట్లో మిగులుతుంది. చెడిపోతే బాగుచేసే చెయ్యి కూడా అక్కడే దొరుకుతుంది.

కాబట్టి కొత్త స్టీరింగు కొనాలని చేయి జేబులోకి పోయే ముందు ఒక పని చేయండి. ఉన్న సామానుతోనే, ఒకే ట్రాకు మీద వరసగా పది ల్యాపులు నడిపి, పది కాలాలూ కాగితం మీద రాసుకోండి. కొనాలో వద్దో ఆ కాగితమే చెబుతుంది.